ఫ్రీ ఇంటర్నెట్ ఇస్తామంటే వద్దన్నాం: 2015-16లో అసలేం జరిగింది?

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకోబోయేది రాజుల కథ కాదు, యుద్ధాల కథ కాదు. పదేళ్ల నాటి కథ. మీలో చాలామంది అప్పుడు స్కూల్లో ఉండి ఉంటారు. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ నాన్న చేతిలోనో, అన్నయ్య చేతిలోనో ఉండేది. ఇవాళ మీరు వాట్సాప్ వాడినా, యూట్యూబ్ చూసినా, ఎవరో కుర్రాడు నిన్న తయారుచేసిన కొత్త యాప్ ఓపెన్ చేసినా, డేటా ఒకే లెక్కన కట్ అవుతోంది కదా. అది దానంతటదే అలా లేదు. దాని వెనక ఒక గొడవ జరిగింది.

ఆ గొడవని ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇదీ. ప్రపంచంలోని అతి పెద్ద కంపెనీల్లో ఒకటి మన దేశానికి వచ్చి, డబ్బు లేనివాళ్లకి ఇంటర్నెట్ ఫ్రీగా ఇస్తామంది. మన దేశం వద్దంది. ఊరికే ఇస్తానంటే వద్దనడం ఏంటి? అది తెలివా, తిక్కా? ఇవాళ్టి ప్రశ్న ఇదే.

నెట్ న్యూట్రాలిటీ అంటే

ముందు ఈ మాట సంగతి చూద్దాం. 1854లో మన దేశంలో తపాలా పద్ధతి మారింది. అంతకు ముందు ఉత్తరం ఎంత దూరం వెళ్తే అంత ఛార్జీ. ఆ తర్వాత దూరంతో పని లేదు, బరువును బట్టి రేటు. అందులో ఇంకో విషయం కూడా ఉంది. ఉత్తరం ఎవరు రాశారు, లోపల ఏముంది అనేదాన్ని బట్టి రేటు మారదు. మీ ఊళ్లో రెండు కిరాణా కొట్లు ఉన్నాయనుకోండి. "ఇది మా బావగారి కొట్టు నుంచి వచ్చిన కవరు, కాబట్టి ఫ్రీ. అది ఎదురు కొట్టు నుంచి వచ్చింది, కాబట్టి డబుల్" అని పోస్ట్‌మ్యాన్ అనడు. అంటే మనం ఊరుకోం.

ఇంటర్నెట్‌కి అదే సూత్రం పెడితే, అదే నెట్ న్యూట్రాలిటీ. టెలికాం కంపెనీ పని డేటాని మోసుకురావడం. ఆ డేటాలో ఏముందో చూసి, నచ్చినదానికి ఒక దారి, నచ్చనిదానికి ఇంకో దారి పెట్టకూడదు. ఈ మాటని 2003లో అమెరికాకి చెందిన లా ప్రొఫెసర్ టిమ్ వూ తన వ్యాసంతో ప్రచారంలోకి తెచ్చాడు. మన దేశంలో మాత్రం 2014 చివరి దాకా ఈ మాట మామూలు జనానికి తెలియదు. తెలిసేలా చేసింది ఒక టెలికాం కంపెనీయే.

2014 డిసెంబర్: మొదటి దెబ్బ

అప్పటికి వాట్సాప్ వచ్చాక ఎస్‌ఎంఎస్‌లు తగ్గిపోయాయి. స్కైప్, వైబర్ లాంటి యాప్‌లతో నెట్ మీదే కాల్స్ మాట్లాడుకోవడం మొదలైంది. దుబాయ్‌లో ఉన్న కొడుకుతోనో, అమెరికాలో ఉన్న కూతురితోనో మాట్లాడాలంటే ఐఎస్‌డీ అక్కర్లేదు. ఇది జనానికి పండగ, టెలికాం కంపెనీలకి గుండెపోటు.

2014 డిసెంబర్ చివరి వారంలో ఎయిర్‌టెల్ ఒక ప్రకటన చేసింది. నెట్ మీద మాట్లాడే కాల్స్ ఇకపై మామూలు డేటా ప్యాక్‌లో రావు, వాటికి వేరే ఛార్జీ అంది. అంటే మీరు డబ్బులిచ్చి కొన్న డేటానే, కాల్‌కి వాడితే ఒక రేటు, మరోదానికి వాడితే ఇంకో రేటు. సోషల్ మీడియాలో గోల మొదలైంది. కొద్ది రోజుల్లోనే కంపెనీ ఆ ప్లాన్ పక్కన పెట్టింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ విషయంలో అందరి అభిప్రాయాలూ అడుగుతుందట, అప్పటిదాకా ఆగుతాం అంది.

టెలికాం కంపెనీల వాదన కూడా వినాలి. వాళ్లది పూర్తిగా అబద్ధం కాదు. టవర్లు వేసేది వాళ్లు. స్పెక్ట్రమ్ కొనేది వాళ్లు. 2015 మార్చిలో ముగిసిన ఒక్క స్పెక్ట్రమ్ వేలంలోనే ప్రభుత్వానికి దాదాపు 1.10 లక్షల కోట్ల రూపాయల బిడ్లు వచ్చాయి. మేం అంత పోసి రోడ్డు వేస్తే, ఆ రోడ్డు మీద వేరేవాళ్లు లారీలు నడిపి లాభం తీసుకుంటున్నారు, మాకేం మిగిలింది అన్నది వాళ్ల బాధ.

దానికి జవాబు కూడా అప్పుడే వచ్చింది. ఆ లారీలు వస్తేనే కదా జనం టోల్ కడుతున్నారు? వాట్సాప్, యూట్యూబ్ లేకపోతే డేటా ప్యాక్ ఎవరు కొంటారు?

2015 ఫిబ్రవరి: తెలుగులో వచ్చిన ఫ్రీ ఇంటర్నెట్

ఇక్కడ కథలోకి ఫేస్‌బుక్ వస్తుంది. 2015 ఫిబ్రవరి 10న రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఇంటర్నెట్.ఆర్గ్ అనే సర్వీసుని మన దేశంలో మొదలుపెట్టింది. కన్‌ఫ్యూజ్ అవకండి, ఇది జియో కాదు. ఇది అనిల్ అంబానీ కంపెనీ. జియో ఇంకా మార్కెట్‌లోకి రాలేదు.

మనకి ఆసక్తి కలిగించే విషయం ఏంటంటే, మొదట మొదలుపెట్టిన కొద్ది సర్కిళ్లలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ఒకటి. టెలికాం లెక్కలో ఆ సర్కిల్ అంటే రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపే. సర్వీసు ఇచ్చిన భాషల్లో తెలుగు కూడా ఉంది. అంటే ఈ ప్రయోగం మొదట జరిగిన నేలల్లో మనదీ ఒకటి.

అందులో ఏముంది? 30కి పైగా సైట్లు. ఫేస్‌బుక్ సరే. వికీపీడియా ఉంది, వాతావరణం చెప్పే సైట్ ఉంది, ఉద్యోగాలు వెతుక్కునే సైట్ ఉంది, కొన్ని వార్తా సంస్థలు ఉన్నాయి. రిలయన్స్ సిమ్ ఉంటే వీటికి డేటా ఛార్జీ లేదు. మరి ఏం లేవు? యూట్యూబ్ లేదు. సెర్చ్ కావాలంటే గూగుల్ లేదు, బింగ్ ఉంది. ఆ లిస్టు దాటి ఒక్క లింక్ నొక్కితే డేటా కొనుక్కోవాలి.

ఇంకాస్త లోపలికి వెళ్దాం. ఆ లిస్టు ఎవరు తయారుచేశారు? ఫేస్‌బుక్, దాని టెలికాం పార్ట్‌నర్. ట్రాయ్ కాదు, మీరు కాదు, నేను కాదు. విజయవాడలోనో, వరంగల్‌లోనో ఓ నలుగురు కుర్రాళ్లు కలిసి అంతకంటే మంచి ఉద్యోగాల సైట్ పెట్టారనుకోండి. ఫ్రీగా వచ్చే సైట్ పక్కన వీళ్లది డబ్బులు పెట్టి చూడాల్సిన సైట్. పోటీ మొదలవకముందే అయిపోయింది.

మార్చి, ఏప్రిల్: పది లక్షల మెయిళ్లు

2015 మార్చి 27న ట్రాయ్ ఒక చర్చా పత్రం విడుదల చేసింది. 118 పేజీలు, 20 ప్రశ్నలు. వాట్సాప్, స్కైప్ లాంటి యాప్‌లకి లైసెన్స్ పెట్టాలా, టెలికాం కంపెనీలు వేర్వేరు యాప్‌లకి వేర్వేరు రేట్లు పెట్టొచ్చా లాంటి ప్రశ్నలు. జవాబులకి గడువు ఏప్రిల్ 24. అసలే అంత పొడుగు, పైగా ఆఫీసు ఇంగ్లీషు. మామూలుగా అయితే కంపెనీల లాయర్లు తప్ప ఇంకెవరూ చదివేవారు కాదు.

అదే సమయంలో, ఏప్రిల్ 6న, ఎయిర్‌టెల్ జీరో అనే ప్లాట్‌ఫామ్ వచ్చింది. ఇందులో యాప్ కంపెనీ టెలికాం కంపెనీకి డబ్బు కడుతుంది. ఆ యాప్ కస్టమర్‌కి ఫ్రీ. ఫ్లిప్‌కార్ట్ ఇందులో చేరబోతోందని వార్త రాగానే జనం ఫ్లిప్‌కార్ట్ యాప్‌కి ఒక్క స్టార్ రేటింగ్ ఇవ్వడం మొదలుపెట్టారు. ఏప్రిల్ 14న ఫ్లిప్‌కార్ట్ వెనక్కి తగ్గింది. ఆ మర్నాడు క్లియర్‌ట్రిప్ ఇంటర్నెట్.ఆర్గ్ నుంచి బయటికొచ్చేసింది.

ఈ లోపు కొంతమంది వాలంటీర్లు, మీడియానామా నడిపే జర్నలిస్ట్ నిఖిల్ పాహ్వా లాంటివాళ్లు, లాయర్లు, ప్రోగ్రామర్లు కలిసి సేవ్ ద ఇంటర్నెట్ అనే సైట్ పెట్టారు. ఆ 118 పేజీలని చదివి, ప్రశ్నలకి జవాబులు రాసి, ఒక్క క్లిక్‌తో ట్రాయ్‌కి మెయిల్ వెళ్లేలా చేశారు. ఏఐబీ అనే కామెడీ టీమ్ ఏప్రిల్ 11న ఒక వీడియో పెట్టింది. ఆ తర్వాత మెయిళ్లు వరదలా వచ్చాయి. గడువు నాటికి పది లక్షలు దాటాయి.

ఇందులో ఒక అపశ్రుతి కూడా ఉంది. ఏప్రిల్ 27న ట్రాయ్ ఆ మెయిళ్లన్నింటినీ, పంపినవాళ్ల మెయిల్ అడ్రస్‌లతో సహా, తన సైట్‌లో పెట్టేసింది. నెట్ స్వేచ్ఛ కోసం రాసినవాళ్ల మెయిల్ ఐడీలు స్పామ్ పంపేవాళ్ల చేతికి దొరికాయి. ఆ కోపం జనంలో చాలా రోజులుంది.

డిసెంబర్: గేటు కాపలాదారుడి ప్రచారం

2015 సెప్టెంబర్‌లో ఫేస్‌బుక్ ఆ యాప్ పేరు మార్చింది. ఇంటర్నెట్.ఆర్గ్ కాస్తా ఫ్రీ బేసిక్స్ అయింది. విమర్శలు విని ఒక మార్పు కూడా చేసింది. మా టెక్నికల్ నిబంధనలకి సరిపోతే ఏ డెవలపర్ అయినా చేరొచ్చు అంది. బాగుంది. కానీ ఆ నిబంధనలు రాసేది ఎవరు? ఫేస్‌బుక్. రేపు మార్చేది ఎవరు? ఫేస్‌బుక్. గేటు కాస్త పెద్దది చేశారు, తాళంచెవి మాత్రం వాళ్ల దగ్గరే ఉంది.

అక్టోబర్ 28న మార్క్ జుకర్‌బర్గ్ ఐఐటీ ఢిల్లీకి వచ్చి విద్యార్థులతో మాట్లాడాడు. డిసెంబర్ 9న ట్రాయ్ రెండో పత్రం విడుదల చేసింది. ఈసారి సూటిగా ఒకటే విషయం: కంటెంట్‌ని బట్టి డేటా రేటు మార్చొచ్చా, లేదా? ఆ నెలలోనే, తేలేదాకా ఫ్రీ బేసిక్స్ ఆపమని రిలయన్స్ కమ్యూనికేషన్స్‌కి చెప్పింది.

ఇక అప్పుడు ఫేస్‌బుక్ రంగంలోకి దిగింది. పేపర్లలో ఫుల్ పేజీ ప్రకటనలు, రోడ్ల మీద హోర్డింగులు. డిసెంబర్ 28న జుకర్‌బర్గ్ స్వయంగా టైమ్స్ ఆఫ్ ఇండియాలో వ్యాసం రాశాడు. లైబ్రరీలో అన్ని పుస్తకాలూ ఉండవు, అయినా మేలే కదా అన్నది అందులోని ఒక పోలిక.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. అప్పటికి మన దేశంలో ఫేస్‌బుక్ వాడేవాళ్లు దాదాపు 13 కోట్లు. వాళ్లలో ఎంతోమందికి ఫేస్‌బుక్ ఓపెన్ చేయగానే ఒక మెసేజ్ కనపడింది. ఫ్రీ బేసిక్స్‌ని కాపాడండి, ఇక్కడ నొక్కితే మీ పేరుతో ట్రాయ్‌కి మెయిల్ వెళ్తుంది అని. మీ ఫ్రెండ్ నొక్కితే మీకు నోటిఫికేషన్. వ్యతిరేకంగా ఉన్నవాళ్లకి ఫేస్‌బుక్‌లో అలాంటి బటన్ లేదు.

ఇది కొంచెం ఆగి చూడాల్సిన సంగతి. విమర్శకుల భయం ఏంటి? గేటు ఒకరి చేతిలో ఉంటే, తమకి లాభమైన మాటని ముందుకి తోస్తారు, మిగతావి వెనక్కి పోతాయి అని. మా గేటుతో భయం లేదు అని నిరూపించాల్సిన సమయంలో ఫేస్‌బుక్ సరిగ్గా ఆ పనే చేసి చూపించింది.

ఫలితం? ట్రాయ్‌కి దాదాపు 24 లక్షల స్పందనలు వచ్చాయి. అందులో దాదాపు 19 లక్షలు ఫ్రీ బేసిక్స్‌కి మద్దతుగా వచ్చిన రెడీమేడ్ మెయిళ్లే. ఓట్ల లెక్క అయితే ఫేస్‌బుక్ గెలిచినట్టే.

ట్రాయ్ మాత్రం ఓట్లు లెక్కపెట్టలేదు. మేం అడిగిన ప్రశ్నలకి ఈ మెయిళ్లలో జవాబు లేదని, చర్చని ఓటింగ్‌లా మార్చేశారని 2016 జనవరిలో ఫేస్‌బుక్‌కి గట్టిగానే లేఖ రాసింది. ఇక్కడ కొందరు న్యాయంగానే ఒక మాట అడుగుతారు. ఏప్రిల్‌లో వెళ్లిన పది లక్షల మెయిళ్లు కూడా రెడీమేడే కదా అని. నిజమే. తేడా ఏంటంటే వాటిలో ప్రశ్నలకి జవాబులు ఉన్నాయి. మంది ఎంత అన్నది కాదు, ఏం చెప్పారన్నది చూశారు. ఐఐటీలు, ఐఐఎస్‌సీ అధ్యాపకులు కొందరు కలిసి ఫ్రీ బేసిక్స్ ఎందుకు వద్దో రాసిన ప్రకటన కూడా ఆ రోజుల్లోదే.

2016 ఫిబ్రవరి 8: తీర్పు

ఆర్.ఎస్. శర్మ ఛైర్మన్‌గా ఉన్న ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న నిబంధన తెచ్చింది. ఏ టెలికాం కంపెనీ అయినా సరే, కంటెంట్‌ని బట్టి డేటాకి వేర్వేరు రేట్లు పెట్టకూడదు. పెడితే రోజుకి 50 వేల రూపాయల జరిమానా, మొత్తం 50 లక్షల దాకా. వరదలు, తుపాను లాంటి అత్యవసర సమయాల్లో మాత్రం మినహాయింపు. ఫిబ్రవరి 11న ఫేస్‌బుక్ మన దేశంలో ఫ్రీ బేసిక్స్‌ని ఆపేసింది.

ట్రాయ్ చెప్పిన కారణాల్లో ఒకటి నాకు చాలా బలమైనదిగా అనిపిస్తుంది. మన దేశంలో ఎక్కువమంది అప్పటికింకా ఇంటర్నెట్‌లోకి రాలేదు. రాబోయేవాళ్లకి ఇంటర్నెట్ అంటే ఏంటో టెలికాం కంపెనీ నిర్ణయిస్తే, వాళ్లు చూసిందే ఇంటర్నెట్ అనుకుంటారు. బావిలో పుట్టిన కప్పకి బావే సముద్రం కదా.

ఈ తీర్పు కొందరికి అస్సలు నచ్చలేదు. ఫేస్‌బుక్ బోర్డు సభ్యుడు మార్క్ ఆండ్రీసెన్ అయితే, వలసవాద వ్యతిరేకత వల్లే భారతదేశం ఆర్థికంగా నష్టపోయిందన్న అర్థంలో ట్వీట్ చేశాడు. మన దేశంలో మండిపడ్డారు. ఆయన ట్వీట్ తీసేసి క్షమాపణ చెప్పాడు. జుకర్‌బర్గ్ కూడా ఆ అభిప్రాయం తనది కాదన్నాడు.

మరి పేదవాడి సంగతి?

ఇప్పుడు అసలు కష్టమైన ప్రశ్న. అప్పట్లో 1 జీబీ 3జీ డేటా కావాలంటే 200 రూపాయల పైనే. రోజు కూలీకి అది చిన్న మొత్తం కాదు. గుడ్డి కన్నా మెల్ల నయం అంటారు. ఏమీ లేనివాడికి వికీపీడియా అయినా దొరికేది కదా, దాన్ని సిటీల్లో వైఫై ఉన్నవాళ్లు కలిసి ఆపేశారు కదా అని ఫ్రీ బేసిక్స్ మద్దతుదారులు అడిగారు. ఈ ప్రశ్నని తేలిగ్గా కొట్టేయకూడదు. 2016 ఫిబ్రవరిలో, ఆ రోజుకి, వాళ్ల మాటలో కొంత నిజం ఉంది.

కానీ ఏడు నెలల్లో బొమ్మ తిరగబడింది. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. మొదట కొన్ని నెలలు డేటా ఫ్రీ. తేడా గమనించండి. ఇది ఎంచిన సైట్లకి ఫ్రీ కాదు, మొత్తం ఇంటర్నెట్‌కి ఫ్రీ. 2017 ఫిబ్రవరి నాటికి పది కోట్లమంది చేరారు. మిగతా కంపెనీలు కూడా రేట్లు తగ్గించక తప్పలేదు. ట్రాయ్ నిబంధన వల్లే డేటా చవకైందని నేను అనను. చవకైంది పోటీ వల్ల. నిబంధన చేసిన పని వేరు. ఆ పోటీ రేటు మీద, నెట్‌వర్క్ మీద జరిగింది. ఏ కంపెనీ ఏ యాప్‌కి గేటు తెరుస్తుందన్న దాని మీద జరగలేదు. కాబట్టి జనం లోపలికి వచ్చినప్పుడు మొత్తం ఇంటర్నెట్‌లోకే వచ్చారు. పల్లెల్లో వంటలు చేసి యూట్యూబ్‌లో పెట్టినవాళ్లు, తెలుగులో పాఠాలు చెప్పినవాళ్లు ఏ కంపెనీ లిస్టులోనూ పేరు రాయించుకోవాల్సిన అవసరం రాలేదు.

ఆ తర్వాత

2017 నవంబర్‌లో ట్రాయ్ ఇంకో మెట్టు ఎక్కింది. రేటే కాదు, స్పీడ్ విషయంలో కూడా తేడా చూపకూడదని సిఫార్సు చేసింది. బ్లాక్ చేయడం, కావాలని స్లో చేయడం కుదరదు అంది. 2018లో అది టెలికాం లైసెన్సుల్లో షరతుగా మారింది. విచిత్రం ఏంటంటే, సరిగ్గా 2017 డిసెంబర్‌లో అమెరికా తన సొంత నెట్ న్యూట్రాలిటీ నిబంధనల్ని రద్దు చేసుకుంది. 2024లో తిరిగి తెచ్చారు. 2025 జనవరిలో అక్కడి కోర్టు మళ్లీ కొట్టేసింది. అక్కడ ప్రభుత్వం మారితే నిబంధన మారింది. ఇక్కడ నిలిచింది.

అలాగని మనం గెలిచి ఇంటికెళ్లిపోయామా? లేదు. ఇంకో దారి చూడండి. 2020 ఏప్రిల్‌లో అదే ఫేస్‌బుక్ 43,574 కోట్ల రూపాయలు పెట్టి జియో ప్లాట్‌ఫామ్స్‌లో 9.99 శాతం వాటా కొంది. జూలైలో గూగుల్ 33,737 కోట్లతో వచ్చింది. 2016లో రోడ్డు మీద హక్కు అడిగితే ఇవ్వలేదు. 2020లో రోడ్డు వేసే కంపెనీలోనే వాటా కొనుక్కున్నారు. ఇది చట్టవిరుద్ధం కాదు, నిబంధన కూడా తప్పలేదు. కానీ పైపు వేసేవాడు, పైపులో నీళ్లు పోసేవాడు ఒకే సోఫాలో కూర్చున్నారు.

ఇంకో పక్క, జియో దెబ్బకి రిలయన్స్ కమ్యూనికేషన్స్, ఎయిర్‌సెల్ మొబైల్ సర్వీసులు మూతపడ్డాయి. వొడాఫోన్, ఐడియా కలిసిపోయాయి. పది కంపెనీలు ఉన్నచోట ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలన్నీ ఇంచుమించు ఒకేసారి రేట్లు పెంచినప్పుడు మీ రీఛార్జ్‌లో ఆ సంగతి తెలిసే ఉంటుంది.

పాత గొడవ కూడా కొత్త చొక్కా వేసుకుని తిరిగొచ్చింది. ఎక్కువ డేటా వాడించే పెద్ద యాప్‌లు నెట్‌వర్క్ ఖర్చులో వాటా ఇవ్వాలని టెలికాం కంపెనీలు 2023 నుంచి గట్టిగా అడుగుతున్నాయి. గూగుల్, మెటా లాంటివి కడతాయిలే, మనకేంటి అనిపిస్తుంది. కానీ డబ్బు కట్టినవాడు ఊరికే ఉంటాడా? కట్టినందుకు మంచి దారి అడుగుతాడు. కట్టలేని చిన్నవాడు ఎక్కడ నిలబడతాడు? 2015లో అడిగింది కూడా ఇదే కదా.

గేట్లు కూడా ఇప్పుడు వేరే చోట ఉన్నాయి. మీ ఫోన్‌లో ఏ యాప్ ముందే ఉండాలి, స్టోర్‌లో ఏది పైన కనపడాలి, ఫీడ్‌లో మీకేం చూపించాలి అన్నవి టెలికాం కంపెనీ నిర్ణయించదు. ట్రాయ్ నిబంధన అక్కడిదాకా వెళ్లదు. ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కి 2022 అక్టోబర్‌లో కాంపిటీషన్ కమిషన్ 1,337 కోట్ల జరిమానా వేసింది అందుకే. ఆ కథ ఇంకా నడుస్తోంది.

చాలామంది అడుగుతుంటారు, రీఛార్జ్‌తో ఓటీటీ ఫ్రీ అని వస్తుంది కదా, అది తప్పు కాదా అని. దానికీ, దీనికీ తేడా ఉంది. అక్కడ ఇచ్చేది సబ్‌స్క్రిప్షన్. సినిమా చూస్తే డేటా మామూలుగానే కట్ అవుతుంది. రేపు ఎవరైనా "ఈ యాప్‌కి మాత్రం డేటా కట్ అవ్వదు" అన్నారనుకోండి, అప్పుడు అనుమానించండి.

కాబట్టి మొదటి ప్రశ్నకి నా జవాబు ఇదీ. 2016లో మన దేశం వద్దన్నది ఫ్రీ ఇంటర్నెట్‌ని కాదు. ఇంటర్నెట్‌లో ఏముండాలో ఒక కంపెనీ ఎంచి ఇవ్వడాన్ని. ఆ వద్దు అన్నమాట రావడానికి కారణం 118 పేజీల బోరు పత్రాన్ని కూర్చుని చదివిన కొద్దిమంది. ట్రాయ్ ఇప్పటికీ అలాంటి పత్రాలు సైట్‌లో పెడుతూనే ఉంది. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా జవాబు రాయొచ్చు. గడువు కూడా రాసి ఉంటుంది. ఈసారి రీల్స్ మధ్యలో ఓ పది నిమిషాలు అటు వెళ్లి రండి.